మా నాన్న ఎక్కడ పని చేసేవాడంటే

సుందరం మాస్టారి జ్ఞాపకార్థ కూడికలో నేను మాట్లాడాను. ఆయన పాత శిష్యుల్లో ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నవాణ్ణి నేనే గనక నర్సీపట్నంలో ఆ రోజు నన్నే ముందు పిలిచారు. ఆయన ఇస్త్రీ చొక్కా గురించి, పాటలు పాడేటప్పుడు మూసుకునే కళ్ళ గురించి, మాబోటి పిల్లల నోట ఇంగ్లీషు పలికించడానికి ఆయన పడ్డ పాట్ల గురించి చెప్పాను. అందరూ తలలు ఊపారు. దిగి వచ్చి కూర్చున్నాక నా వెనక వరసలో ఒక పెద్దావిడ పక్కామెతో అనడం వినపడింది. "ఈయనేనే, ఆ నాతవరం గుంటడి సెవి పగలగొట్టీసిన మాస్టారు. పోయినోల్ని అనకూడదు గాని." పక్కామె "ఓలమ్మా, ఈయనేనేటి!" అంది. నేను వెనక్కి తిరగలేదు. టీ తాగి, మాస్టారి కూతురికి దణ్ణం పెట్టి, అనకాపల్లి బస్సెక్కేశాను.

నూకరాజు చెవి పగలగొట్టింది మాస్టారు కాదు, నేను. ఇన్నేళ్ళూ ఆ మాట ఎక్కడా అనలేదు. పెళ్ళయిన కొత్తలో నా భార్యతో అన్నీ చెప్పుకున్నాను గాని ఇది చెప్పలేదు. అనకపోవడం ఒకటైతే, అడిగినప్పుడు మాస్టారే కొట్టారని నా నోటితో నేను చెప్పడం ఇంకొకటి. బస్సులో కూర్చుని, మొహం మీద పడే ఎండకి కర్టెను కూడా లాక్కోకుండా, ఆ పెద్దావిడ మాటనే తిప్పి తిప్పి విన్నాను. ఆమె అబద్ధం చెప్పలేదు. ఊరికి తెలిసింది చెప్పింది. ఊరికి అలా తెలియడానికి కారణం నేను. దీన్ని సరిచేయాలంటే మొదట మా ఇంటి సంగతి చెప్పాలి.

మా ఇల్లు చర్చి వెనక సందులో పెంకుటిల్లు. ముందు గదిలో మంచం, వెనక గదిలో వంట, పెరట్లో నుయ్యి. మా నాన్న సారా కాంట్రాక్టరు దగ్గర మనిషి. ఆ రోజుల్లో సారా దుకాణాలకు ప్రభుత్వం వేలం పెట్టేది. పాట పాడుకున్న కాంట్రాక్టరు తన దుకాణాల్లో తప్ప ఇంకెక్కడా చుక్క అమ్ముడుపోకుండా చూసుకోవడానికి మనుషుల్ని పెట్టుకునేవాడు. ఏ ఊళ్ళో అయినా ఎవరైనా చాటుగా బెల్లపు ఊట కాచి సారా దించుతున్నారని తెలిస్తే వీళ్ళు జీపేసుకుని వెళ్ళేవారు. కుండలు పగలగొట్టి, ఊట నేలపాలు చేసి, కాచినవాణ్ణి జీపులో పడేసి సారా నిలవుంచే డిపో పెరట్లోకి తెచ్చి కొట్టేవారు. అది మా నాన్న ఉద్యోగం. ఆయన వెదురు కర్ర మా తలుపు వెనక గోడకి ఆనించి ఉండేది. ఆదివారం మేమంతా చర్చికి బయల్దేరుతుంటే ఆయన అరుగు మీద కూర్చుని ఆ కర్రకి ఆముదం పట్టించి ఎండలో పెట్టేవాడు. ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం వాసన వేస్తే నాకు కీర్తనలు గుర్తొస్తాయి.

ఆయన చొక్కాలు పులిసిన బెల్లం వాసన వేసేవి. అమ్మ వాటిని కుంకుడు రసంలో నానబెట్టి, బండ మీద బాది, అయినా వాసన పోక పెరటి దండెం మీద కాకుండా ఇంట్లోనే తాడు కట్టి ఆరేసేది. ఒక్కోసారి చేతుల మీద, జేబు దగ్గర గోధుమరంగు చుక్కలుండేవి. నెత్తుటి మరక మీద వేణ్ణీళ్ళు పొయ్యకూడదని, పోస్తే పట్టేస్తుందని, చన్నీళ్ళలోనే వేళ్ళతో నలపాలని ఆ వయసులోనే నాకు తెలుసు. మా అమ్మ నేర్పిన ఇంటి పనుల్లో అదొకటి. నాన్న అమ్మను కూడా కొట్టేవాడు. కోపంతో కాదు. గొంతు కూడా పెంచేవాడు కాదు. ఒక పండక్కి ఆమె "ఈ ఒక్కసారి సర్చికి రావయ్యా, అందరూ అడుగుతన్నారు" అంటే ఆయన అన్నం తింటున్నవాడు లేచి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఆమెను కొట్టి, మళ్ళీ వచ్చి కూర్చుని మజ్జిగ పోసుకున్నాడు. చెయ్యి తుడుచుకోవడమే నాకు బాగా గుర్తుంది.

అమ్మకి ఆ దెబ్బల కంటే పెద్ద భయం ఒకటుండేది. "ఎవులైనా అడిగితే మీ నాన్న ఎక్సైజు ఆఫీసులో పని సేస్తన్నాడని సెప్పు. సారా కొట్టని సెప్పకు బావూ. పాస్టరుగారి సెవిని పడితే నన్ను బల్ల కాడికి రానివ్వరు." బల్ల అంటే ప్రభువు బల్ల. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే వేళ. ఆ వరసలో తలమీద ముసుగేసుకుని నిలబడటం ఒక్కటే మా అమ్మకి ఊళ్ళో ఉన్న మర్యాద. అందుకని మా ఇంట్లో అందరం ఆ మాట అప్పజెప్పుకున్నాం. మా చెల్లెలు బడిలో చేరకముందే "ఎచ్చైజు ఆపీసు" అనడం నేర్చింది.

సుందరం మాస్టారు మిషను బళ్ళో ఇంగ్లీషు చెప్పేవారు. బడి వేళకు ముందు తన ఇంటి వరండాలో మాకు ట్యూషను పెట్టేవారు. లోపల మాస్టారమ్మగారు చారు పోపు వేస్తుంటే ఆ వాసనకి మా కడుపుల్లో గొడవ మొదలయ్యేది. ఆయనది ఎడంచేతి వాటం. గోడకి వేసిన నల్లరంగు పలక మీద ఎడంచేత్తో రాస్తుంటే సుద్దపొడి ఆయన మణికట్టు కింద తెల్లటి గాజులా పట్టేది. ఆయన ప్రతి ఉదయం ఒకటే ప్రశ్నతో మొదలుపెట్టేవారు. మీ నాన్న ఎక్కడ పని చేస్తున్నాడు? తెలుగులో అయితే దీనికి తడుముకోనక్కర్లేదు. బ్యాంకులో, బస్సులో, షావుకారు దగ్గర, అంతే. ఇంగ్లీషుకి అది చాలదని ఆయన చెప్పేవారు. వేలు పెట్టి చూపించే చోటైతే ఎట్. గోడల మధ్య అయితే ఇన్. దారి, కాలువ, రైలుపట్టా లాగా సాగిపోయేదైతే ఆన్. ఎవరి కూలి తింటున్నాడో వాళ్ళ పేరుకు ముందు ఫర్. "మా నాన్న షావుకారు దగ్గర" అని మనసులో అనుకుని నియర్ అన్నామా, అయిపోయినట్టే. "ఒరే, మీ నాన్న షావుకారు పక్కన నిలబడి విసనకర్ర విసురుతన్నాడా?" అని ఆయనే నవ్వేవారు. "మీకు అన్నం పెట్టేవోడు ఎక్కడ ఒళ్ళొంచుతన్నాడో సెప్పలేకపోతే ఇంక మీకు ఇంగ్లీషెందుకురా గుంటల్లారా?"

ఆయన నవ్వు తర్వాత దెబ్బ ఉండేది. ఆ దెబ్బ ఆయన కొట్టేవారు కాదు. సరిగ్గా చెప్పినవాడు తప్పు చెప్పినవాడి ముక్కు ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. అది ఆయనొక్కడి పద్ధతి కాదు, ఆ కాలంలో చాలా బళ్ళలో అంతే. స్నేహితుడని మెల్లిగా కొడితే మాస్టారు "ఇలా రా" అని పిలిచి ఎలా కొట్టాలో మన చెంప మీదే చూపించేవారు. అందుకని బాగా చదివేవాడి చేతికి జాలి ఉండేది కాదు. నేను బాగా చదివేవాణ్ణి. లేచి నిలబడి "మై ఫాదర్ వర్క్స్ ఇన్ ది ఎక్సైజ్ ఆఫీస్" అనేవాణ్ణి. మాస్టారు "శభాష్ దానం" అనేవారు. ఆ వాక్యంలో ప్రతి చిన్నమాటా దాని చోట అది ఉండేది. మా నాన్న మాత్రం అందులో లేడు. వాక్యం అయిపోగానే నేను వరస మొదటికి వెళ్ళి, ముక్కులు పట్టుకుంటూ, చెంపలు వాయిస్తూ వచ్చేవాణ్ణి.

నూకరాజు నాతవరం వైపు పిల్లవాడు. వాళ్ళ నాన్న తాండవ కాలువ మీద లస్కరు. గట్టు వెంట నడుస్తూ పొలాలకి నీళ్ళు వదలడం, తూములు మూయడం ఆయన పని. చదువు కోసం నూకరాజుని నర్సీపట్నంలో చిన్నాన్న ఇంట్లో ఉంచారు. పొడుగ్గా ఉండేవాడు, ముందు పళ్ళ మధ్య సందు. మొదటి రోజే "మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ ద కెనాల్" అన్నాడు. "కాలవలోనా? ఏట్రా, మీ నాన్న సేపా?" అన్నారు మాస్టారు. అందరం పడి పడి నవ్వాం. వాడూ నవ్వాడు. నేను వెళ్ళి వాడి ముక్కు పట్టుకున్నాను. ఆ తర్వాత వాడు భయానికి ఎట్ అన్నాడు, నియర్ అన్నాడు, ఒక రోజు అన్నీ కలిపేశాడు. కాలువ ముందు ఏ మాట పెట్టాలో వాడికి పట్టుబడలేదు, వాడి చెంప రోజూ నాదే.

బడికి వెళ్ళే దారిలో మాత్రం మేమిద్దరం కలిసి నడిచేవాళ్ళం. వాడు గట్టు మీది జామకాయలు తెచ్చేవాడు. ఒకరోజు సగం కొరికిన కాయ నాకిచ్చి, "రేపు కూసింత మెల్లిగా కొట్టు మరి. మా పిన్ని అడుగుతంది, సెంప మీద గీతలేటని" అన్నాడు. "మెల్లిగా కొడితే మాస్టారు నన్ను పీకుతారు" అన్నాను. "సప్పుడు గట్టిగా రానీ. దెబ్బ తగలనీకు. మీ ఇంగ్లీసోలకి ఆ మాత్రం తెల్దేటి?" అని ఇకిలించాడు.

అలాంటి విద్య తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం నాన్నకి అన్నం క్యారేజీ డిపోకి పట్టుకెళ్ళడం నా పని. సెలవు రోజు వెళ్ళినప్పుడు పెరట్లో రోలుగుంట వైపు నుంచి తెచ్చిన మనిషొకడున్నాడు. ఆయన్ని చింతమొద్దుకి కట్టేశారు. వయసు మా తాతంత. ఇద్దరు వంతులేసుకుని కొడుతున్నారు. ఆయన పంచె తడిసిపోయింది. దెబ్బ పడినప్పుడల్లా "బావూ, బావూ" అంటున్నాడు, కొట్టేవాడు కొడుకైనట్టు. నాన్న కొట్టడం లేదు, పక్కన మడతకుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. కాసేపటికి లేచి, "అలా ఎంతసేపు బాదుతార్రా, బేగి తేల్చండి" అని, ఆయన ముందుకి వెళ్ళి అరచెయ్యి దొప్పలా ముడిచి చెవి మీద ఒక్కటి వేశాడు. "బావూ" ఆగిపోయింది. ఆ ముసలాయన కళ్ళు పక్కకి తిరిగి, మెడ వాలిపోయి, తాడు మీద వేలాడాడు. నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి క్యారేజీ విప్పాడు. నేను గిన్నెలు సర్దుతూ, దెబ్బ తగలకుండా చప్పుడు మాత్రం రావాలంటే ఎలాగని అడిగాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఆశ్చర్యంగా చూశాడు. తర్వాత నా అరచెయ్యి తీసుకుని ముడిచి చూపించాడు. "ఇలా దొప్పలా పెట్టి దవడ మీద కొడితే ఉట్టి సప్పుడే. అదే సెయ్యి కాస్త పైకెల్లి సెవి మీద పడిందా, ఏనుగులాటోడైనా కూలబడతాడు. ఏలెడు తేడా, అంతే." ఆయన నాకు చేతిలో చెయ్యి వేసి నేర్పిన పాఠం అదొక్కటే.

అది బాగా పనిచేసింది. మర్నాటి నుంచి నూకరాజు దవడ మీద నా చెయ్యి టపాకాయలా పేలేది. మాస్టారు తృప్తిగా తలూపేవారు. నూకరాజు "అబ్బా" అని మెలికలు తిరిగి, కూర్చునేటప్పుడు నాకేసి చూసి కన్ను కొట్టేవాడు. కొన్నాళ్ళు మేమిద్దరం అలా ఆ వరండాని మోసం చేశాం. నా బాల్యంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అది ఆ చప్పుడు.

ఆ రోజు నూకరాజు ఊరెళ్ళి వచ్చాడు. నేను లేచి నా వాక్యం చెప్పాను. మాస్టారు శభాష్ అనబోతుంటే నూకరాజు కిసుక్కుమన్నాడు. "మాస్టారండీ, ఆడు సెప్పింది ఉత్తదండి. ఆల్ల నాన్న ఆఫీసులో కాదండి, సారా కొట్టు కాడ పనండి. మొన్న మా కాలవ గట్టు మీద జీపు దిగీసి ఒక ముసిలోణ్ణి తన్నుకుంటూ తీసుకుపోయేరండి. నాను సూసేను. ఆల్ల నాన్నే." వాడి గొంతులో పగ లేదు. కొత్త కబురు తెచ్చిన పిల్లవాడి సంబరం ఉంది. వరండా అంతా నా వైపు తిరిగింది. పాస్టరుగారి అబ్బాయి కూడా ఆ వరసలో ఉన్నాడు. నాకు మా అమ్మ ముసుగు కనపడింది. మాస్టారు నన్నొకసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు. "పక్కోడి నాన్న సంగతి నిన్నెవరడిగేరు? నీ వాక్యం సెప్పు" అన్నారు. నూకరాజు ఇంకా నన్నే చూసి నవ్వుతూ, ఎప్పటిలాగే "ఇన్ ద కెనాల్" అన్నాడు. మాస్టారు "దానం" అన్నారు.

నేను వెళ్ళి వాడి ముక్కు పట్టుకున్నాను. వాడు మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని, దవడ నాకందేలా ముందుకి పెట్టాడు. చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాడు. నేను చెయ్యి దొప్పలా ముడిచాను. ఇన్నేళ్ళలో నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, చెయ్యి జారిందని. జారలేదు. ఎక్కడ కొడుతున్నానో నాకు తెలుసు. అక్కడే, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. చప్పుడు ఎప్పటిలా రాలేదు, కుండ మీద మూత పడ్డట్టు లోపలికి వచ్చింది. నూకరాజు కళ్ళు తెరిచి, నేల తన కాళ్ళ కింద లేనట్టు చేతులు చాచి, కూర్చుండిపోయాడు. చొక్కా మీద వాంతి చేసుకున్నాడు. ఎడమ చెవిలోంచి సన్నగా నెత్తురు దిగి, మెడ మీదుగా కాలరులోకి పోయింది. వాడు ఏడవలేదు. "ఏటిది, ఏటిది" అంటున్నాడు, తన గొంతు తనకే వినపడక గట్టిగా.

మాస్టారు వాణ్ణి ఎత్తి భుజాన వేసుకున్నారు. మెట్లు దిగుతూ ఆగి నా కుడిచేతి వైపు చూశారు. అది ఇంకా ముడుచుకునే ఉంది. "ఎవుడు నేర్పేడురా నీకిది?" అన్నారు. జవాబు కోసం ఆగలేదు. రిక్షా కోసం రోడ్డు మీదికి పరుగెత్తారు.

మర్నాడు ట్యూషను వేళకి నూకరాజు చిన్నాన్న, ఇంకో ఇద్దరు బంధువులు కర్రలతో వచ్చారు. మేము వరండాలో కూర్చుని ఉన్నాం. మాస్టారు లేచి నిలబడ్డారు. "మా గుంటడికి ఇంక ఆ సెవి ఇనపడదంట. ఎవుడు కొట్టేడు?" అన్నాడు చిన్నాన్న. మాస్టారు "నా వరండా మీద జరిగింది. నేను కొట్టమంటేనే జరిగింది. అది నాదే నాయనా" అన్నారు. "అది కాదండి. సెయ్యి ఎవులిది?" అని చిన్నాన్న మా మీదుగా చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. "నువ్వు సెప్పు. ఎవులు కొట్టేరు?" మాస్టారు కూడా నన్నే చూస్తున్నారు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. వాక్యం చెప్పడానికి లేచిన పిల్లవాణ్ణి చూసినట్టే చూశారు. నేను "మాస్టారు" అన్నాను.

మొదటి దెబ్బ ఆయన కళ్ళద్దాల మీద పడింది. గాజు కనుబొమ్మలో దిగింది. ఆయన చేతులడ్డం పెట్టుకుంటే చేతుల మీదే కొట్టారు. చేతులు దిగిపోతే భుజాల మీద, వీపు మీద కొట్టారు. కింద పడ్డాక ఒకడు నల్లపలక కిందికి ఈడ్చి ఎడమ చేతిని మడమతో తొక్కిపెట్టి కర్రతో బాదాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు వచ్చింది. మాస్టారమ్మగారు అట్లకాడతోనే పరుగెత్తుకొచ్చి ఆయన మీద పడితే ఆమె వీపు మీద కూడా రెండు పడ్డాయి. పిల్లలు గోడ దూకి పారిపోయారు. నేను పారిపోలేదు. ఆయన నోరు తెరిచి నా పేరు చెప్తారేమోనని అక్కడే నిలబడ్డాను. ఆయన చెప్పలేదు. ఎంత కొట్టినా "యేసయ్యా" తప్ప ఇంకో పేరు ఆయన నోట రాలేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో కోడికూర. నాన్న పీట మీద కూర్చుని కబురంతా నా చేత చెప్పించుకున్నాడు. "ఏ సెవి?" అన్నాడు. "ఎడం సెవి" అన్నాను. ఆయన నమలడం ఆపాడు. "మాస్టారిది ఎడంసేతి వాటం గదా. ఎదురుగా నిలబడి ఆయన కొడితే కుడి సెవి పోవాల." నేను కంచంలోకి చూశాను. ఆయన నా కుడిచెయ్యి తీసుకుని, తిప్పి చూసి, వదిలేశాడు. తన కంచంలోని కాలుముక్క తీసి నా కంచంలో వేశాడు. "తిను" అన్నాడు. ఆయన నా మీద అంత ప్రేమ చూపించింది అదే మొదటిసారి. అమ్మ గిన్నె అక్కడే పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆ ముక్క తిన్నాను.

మాస్టారి చెయ్యి వంకరగా అతుక్కుంది. సుద్ద పట్టుకోవడానికి లేకపోయింది. ఊళ్ళో తల్లిదండ్రులు పిల్లల్ని పంపడం మానేశారు. కొన్నాళ్ళకి ఆయన ఇల్లు ఖాళీ చేసి కాకినాడ వైపు అన్నగారి దగ్గరికి వెళ్ళిపోయారు. ముసలితనంలో కూతురి దగ్గరికి తిరిగి వచ్చారని నాకు తెలుసు. అనకాపల్లి నుంచి నర్సీపట్నం ఏమంత దూరం? వెళ్ళలేదు. నూకరాజు బడి మానేశాడు. పెద్దయ్యాక నాతవరం దారిలో పిండిమిల్లు పెట్టుకున్నాడని విన్నాను. మా నాన్న పోయినప్పుడు సమాధి రాయి మీద ఎక్సైజు శాఖ అని అమ్మ చెక్కించింది. ఆ రాయి ఇప్పటికీ అలాగే ఉంది.

నేను ఇంగ్లీషు లెక్చరర్ని అయ్యాను. ఎట్, ఇన్, ఆన్, ఫర్ ఏడాదికోసారి చెప్పాలి. టేబులు మీద పుస్తకం, పెట్టెలో పెన్ను అని చెప్తాను గాని తండ్రి ఎక్కడ పని చేస్తాడని ఏ పిల్లవాణ్ణీ నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు నర్సీపట్నం రోడ్డు పొడుగునా ఇంగ్లీషు నేర్పే బోర్డులే. కృష్ణదేవిపేట షేర్ ఆటోల్లోంచి దిగే పిల్లలు మెళ్ళో టైలతో, మేము ముక్కులు పట్టుకుని నేర్చినదాన్ని నవ్వుతూ మాట్లాడేస్తున్నారు. నా ఈడువాళ్ళు కలిస్తే ఆ రోజుల్లో మాస్టార్లు కొట్టబట్టే మనం ఇంతవాళ్ళమయ్యామని మురుస్తారు. నేను ఇంతవాణ్ణి ఎవరి చెంపల మీదుగా నడిచి అయ్యానో నాకు తెలుసు. అప్పటి కాలం మీద నాకు బెంగ లేదు. మాస్టారి మీద నాకున్న ప్రేమ కూడా ఆ పద్ధతిని మంచిది చెయ్యలేదు.

కూడిక అయిన వారానికి మళ్ళీ బస్సెక్కాను. నాతవరం దారిలో నూకరాజు పిండిమిల్లు అడిగితే చిన్నపిల్లలు కూడా చూపించారు. లోపల మర హోరెత్తుతోంది. ఆడవాళ్ళు బియ్యం గిన్నెలు, గోధుమ సంచులు ముందు పెట్టుకుని బల్ల మీద వరసగా కూర్చున్నారు. నూకరాజు కనుబొమల దాకా పిండి. పళ్ళ మధ్య సందు అలాగే ఉంది. నేను వాడి పక్కకి వెళ్ళి, దారంతా కూడబలుక్కున్న మాటలు మెల్లిగా మొదలుపెట్టాను. వాడు మర వైపే చూస్తున్నాడు. నేను నిలబడింది ఎడమ పక్కన. చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్ళి, వాడి చెవి దగ్గర నోరు పెట్టి నా పేరు చెప్పాను. వాడు తిరిగి నా మొహం చూసి, "దానం! ఏట్రా, ముసిలోడివైపోనావు!" అని అరిచాడు. మర ఆపలేదు.

"నీతో ఒక మాట చెప్పాలి" అన్నాను. "సెప్పు" అన్నాడు, డబ్బాలో పిండి తట్టుకుంటూ. "గట్టిగా సెప్పు." ఆ హోరులో నా తప్పుని అరవాల్సి వచ్చింది. చెయ్యి జారలేదని, కావాలనే చెవి మీద కొట్టానని, మాస్టారి పేరు నేనే చెప్పానని అరిచాను. వాడు తలూపాడు. "తెల్సు. నాకు తెల్దేటి, నా సెవి గదా. ఆసుపత్రిలోనే మా సిన్నాన్నకి సెప్పేను, దానంగాడు కొట్టేడని. ఆల్ల నాన్న ఎవుడో తెల్సినాక మా వోల్లకి కాల్లు వణికేయి. సారా కాంట్రాక్టరు మనుసుల మీదకి ఎవుడెల్తాడు? మాస్టార్ని కొట్టడం తేలిక. నీ నోటంట ఆయన పేరు రావాలి, అంతే. ఇచ్చీసేవు." ఆ మాట అంటూ వాడు నవ్వలేదు. "మా సిన్నాన్న పోయేముందు ఏడిసేడు. మాస్టారి కాడికెల్లి కాల్లు పట్టుకుందామంటే మొహం సెల్లలేదన్నాడు. నాను ఎల్లేవోణ్ణి, మరపట్టిన పిండట్టుకుని. ఆ వంకర సేత్తోనే అందుకునేవోడు."

వాడు సంచిలో పిండి దులిపి, గిన్నె పక్కన పెట్టి, బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళ వైపు చూశాడు. "నాకు సెప్పి ఏటి లాభం? నాకు తెల్సిందే గదా. ఊరంతా మాస్టారే కొట్టేడనుకుంటంది. ఈలందరూ అదే అనుకుంటన్నారు. ఈలకి సెప్పు" అని, చెయ్యి చాచి స్విచ్చి కట్టేశాడు.

బెల్టు కాసేపు ఊపిరి తీసి ఆగింది. అంత హోరు తర్వాత ఆ నిశ్శబ్దం చెవుల్లో గింగురుమంది. ఆడవాళ్ళందరూ తలెత్తి నన్ను చూశారు. పిండి ధూళి నెమ్మదిగా కిందికి దిగుతోంది. నూకరాజు కుడి చెవి నా వైపు తిప్పి నిలబడ్డాడు. నేను చేతులు జోడించాను.

"అమ్మా, ఈ నూకరాజు చెవి పగలగొట్టింది సుందరం మాస్టారు కాదు. నేను. తెలిసే కొట్టాను. వాడు నిజం చెప్పినందుకు కొట్టాను. మాస్టారు కొట్టారని అబద్ధం చెప్పి ఆయన చెయ్యి విరగ్గొట్టించింది కూడా నేనే. మా నాన్న ఎక్సైజు ఆఫీసులో పని చెయ్యలేదు. సారా కొట్టు దగ్గర మనుషుల్ని కొట్టేవాడు. నూకరాజూ, నన్ను క్షమించు. మాస్టారిని అడగాల్సిన క్షమాపణ కూడా నిన్నే అడుగుతున్నాను."